ముఫాసా తెలుగుల మహేశ్ గొంతు: మీకు సింహం కనవడ్డదా, మహేశ్ కనవడ్డడా?

ఓరుగల్లు_పోరడు
నిన్న క్రిస్మస్ సెలవని బిడ్డను, మా బాపును తీస్కొని హన్మకొండల మాట్నీకి పోయొచ్చిన, ముఫాసా తెలుగు, లయన్ కింగ్‌ల తండ్రి సింహం కథ. ముందే చెప్తున్న, నేను ఒక్కడు సిన్మా వచ్చినప్పటి సంది మహేశ్ మనిషిని, 2003ల ఐదో తరగతి సదువుతున్న, అప్పటి సంది ఒక్క సిన్మా ఇడిసిపెట్టలే, స్పైడర్ గూడ రెండుసార్లు చూసిన, నవ్వకుండ్రి. గుంటూరు కారం 2024 జనవరిల వచ్చిపాయె, రాజమౌళి సిన్మా ఎప్పటికొస్తదో ఆ భద్రకాళమ్మకే ఎరుక, ఇగ సింహమైతేంది మనోని గొంతన్న ఇనొచ్చు అని పోయినం.

కిరికిరి ఏడొచ్చిందంటే మా బిడ్డ కాడ. ఏడేండ్లు దానికి. ఇంట్ల 2019ల వచ్చిన లయన్ కింగ్ తెలుగుల ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు, మాటలన్నీ కంఠపాఠం. ఈడ ముఫాసా పెద్దగై నోరు తెరవంగనే నా దిక్కు తిరిగి "డాడీ, ముఫాసా గొంతు గిది కాదు గదా" అన్నది. సప్పుడు చెయ్యకు అన్న. జరసేపటికి "మరి గీయనెవరు?" మహేశ్ బాబు బిడ్డా అన్న. "అయితే ముఫాసా ఏడి?"

ఇగ ఆడికెళ్ళి నాకు సింహం కనవడుడు బంద్. తెర మీద సింహం, చెవులల్ల మహేశ్, రెండు కలుస్తనే లెవ్వు. అభిమానిగ మస్తు కమ్మగున్నది, సిన్మా చూడవోయిన మనిషిగ మాత్రం ఏదో ఎల్తి. మా బాపు అయితే ఏసీ తగలంగనే గురకవెట్టిండు కాబట్టి ఆయన అభిప్రాయం లేదు. మీకెట్ల అనిపిచ్చింది?

మొదటాట
అన్నా నువ్వు మాట్నీ పోయినవ్ కాబట్టి ఇదంత ఆలోచించినవ్. మేము 20 తారీఖు మొదటాటకు పోయినం, పెద్ద సింహం మొదటిసారి మాట్లాడంగనే పేపర్లు ఎగిరేసిండ్రు. ఆనంక మంచు కొండల సీన్లల్ల గూడ ఎవడో మిగిలినయి ఎగిరేసిండు, మా ముందు వరుసల చిన్న పిలగాడు అవి తెర లోపటికెళ్ళి వస్తున్న మంచు అనుకొని పట్టుకోవోయిండు. గసొంటి త్రీడీ ఏ మల్టీప్లెక్సుల ఉండది.

ఓరుగల్లు_పోరడు
సింహానికి పేపర్లు ఎగిరేసుడు మన జిల్లాలనే అయితది 😂

కిరికిరి_కరీంనగర్
నీ బిడ్డ చెప్పిందే కరెక్టు. ముఫాసా అంటే బొమ్మాళి రవిశంకర్, ఇంకో ముచ్చటే లేదు. 2019ల ఆ గొంతు బేస్‌కు మా సీటు వణికింది. ఆయనను పక్కకువెట్టి హీరోను తెచ్చుడంటే టికెట్ల కోసమే, గొంతు కోసం కాదు. డిసెంబర్ 5 కాడికెళ్ళి పుష్ప 2 తప్ప ఇంకో బొమ్మ ఆడుతలేదు, గంత గాలిదుమారంల ఒక ఇంగ్లీషు బొమ్మల సిన్మా నిలవడాలంటే పోస్టర్ మీద మహేశ్ పేరు ఉండాలె, గంతే.

హన్మకొండ_చౌరస్తా
@కిరికిరి_కరీంనగర్ ఇది ముఫాసా చిన్నప్పటి కథ తమ్మీ. తల్లిదండ్రులకు దూరమై వరదల కొట్టుకవోయిన పిల్ల సింహం పెరిగి పెద్దగయ్యే కథ. పడుసు సింహానికి రవిశంకర్ గొంతువెడ్తే పెండ్లిపిలగాడు తాత గొంతుతోని మాట్లాడినట్టుంటది. ఇంగ్లీషుల గూడ మార్చిండ్రు గదా. 1994ల, 2019ల జేమ్స్ ఎర్ల్ జోన్స్, దీంట్ల ఆరన్ పియర్.

కిరికిరి_కరీంనగర్
మరి హిందీల ఎందుకు మార్చలే? 2019ల షారూఖే, ఇప్పుడు షారూఖే. ముఫాసా కొడుకు సింబాకు రెండుసార్లు షారూఖ్ కొడుకు ఆర్యన్, ఈసారి పిల్ల ముఫాసాకు చిన్నకొడుకు అబ్రామ్. ఆడ పిల్లలెవ్వరు డాడీ గీయనెవరని అడగలే.

హన్మకొండ_చౌరస్తా
ఆడ ఇంటిల్లిపాది వచ్చి గొంతులిచ్చిండ్రు, అది సిన్మానా రేషన్ కార్డా 😄

గుంటూరు_కోడలు
మన దగ్గర మాత్రం తక్కువా? ఫ్రోజెన్ 2 తెలుగులో చిన్నప్పటి ఎల్సాకి మహేశ్ గారి అమ్మాయి సితారే చెప్పింది, పెద్ద ఎల్సాకి నిత్యా మీనన్. అది 2019 నవంబర్లోనే. అంటే ఆ ఇంట్లో డిస్నీ గడప ముందు తొక్కింది కూతురు, అయిదేళ్ళకి నాన్న వెళ్ళాడు 🙂

మొదటాట
అక్కా గీ పాయింట్ ఎవ్వలు చెప్పలే ఇప్పటిదాక. బిడ్డ సీనియర్.

గుంటూరు_కోడలు
నాకు అసలు అర్థం కానిది ఇంకోటి. పుంబా నోరు తెరవగానే హాలంతా బ్రహ్మానందం అని నవ్వారు, టిమోన్ అంటే అలీ. అక్కడ అడవిపంది కనపడలేదు, బ్రహ్మానందమే కనపడ్డాడు, అయినా ఎవరికీ ఇబ్బంది లేదు. మహేశ్ దగ్గరకొచ్చేసరికి మాత్రం సింహం మాయమైపోయిందని గొడవ. ఇదేం న్యాయమండీ?

ఓరుగల్లు_పోరడు
ఇది ఆలోచించాల్సిన ముచ్చటే. నా లెక్క ప్రకారం కామెడీకి మొఖం యాదికొస్తనే నవ్వొస్తది, బ్రహ్మానందం మొఖం ఆ పంది మీద అతికిచ్చుకొని మనం నవ్వుతం. హీరోకు గట్ల కాదు, తండ్రి కోసం ఏడ్సే సింహం మీద పోకిరి మొఖం అతుకుతే ఏడుపు రాదు.

కిరికిరి_కరీంనగర్
ఇగో అభిమానే ఒప్పుకున్నడు, థ్రెడ్ క్లోజ్ చెయ్యుండ్రి.

ఓరుగల్లు_పోరడు
ఒప్పుకోలే, అనుమానం చెప్పిన. నువ్వు జర ఆగు.

లూప్_రాజు
ఈ ముచ్చటల నేను రాయకపోతే పాపం తగుల్తది. మాది పరకాల, ఓ నాలుగేండ్లు కృష్ణానగర్ల ఉండి డబ్బింగులకు తిరిగిన. పెద్ద వేషాలు కావు, గుంపుల ఒకణ్ణి, పెండ్లిల "అక్షింతలేయండి", కొట్లాటల "పట్టుకోండ్రా వాణ్ణి", గసొంటియి. నాతోని అయిన సిన్మాల పేర్లు చెప్తే మీరే నవ్వుతరు. కాని పని ఎట్లుంటదో ఎరుకైంది.

ఒకటి, గర్జన హీరోది కాదు. బయటి భాష సిన్మా వచ్చినప్పుడు సంగీతం, గాలి, నీళ్ళు, అరుపులు అన్నీ ఒక ట్రాక్ల వస్తయి, మాటల జాగ ఒక్కటే ఖాళీగుంటది. ఆ ఖాళీల మన తెలుగు కూసోవెట్టాలె. ఇంగ్లీషాయన రెండు సెకండ్లల్ల అన్నది మనం రెండు సెకండ్లల్లనే అనాలె, ఎక్కువైతే నోరు మూసినంక గూడ మాట ఇనవడ్తది.

అసలు తిప్పలు ఏందంటే తెలుగు మాట అచ్చుతోని అయిపోతది. రాముడు, సింహం పోయింది, రా నాన్నా, ఏదన్న తీస్కోండ్రి, చివరికి నోరు తెరిచే ఉంటది, లేకుంటే సున్నతోని ముక్కులకెళ్ళి పోతది. ఇంగ్లీషు మాట టప్పున మూసుకుంటది, స్టాప్, బ్యాక్, హిట్. ఆ సింహం మూతి మూసేసింది, మన మాటకు ఇంకా తోక మిగిలి ఉన్నది, ఆ తోకను ఏడ దాసాలె? మాటలు రాసేటాయన తల పట్టుకునేది గీడనే. మనిషి మొఖం దగ్గరికెళ్ళి తీసిన షాట్ అయితే ఇంకా పరేషాన్, పెదవులు కలిసిన కాడ ప, బ, మ పడాలె. సింహాలకు ఆ బాధ జర తక్కువ, వాటి మూతి మనోళ్ళ లెక్క తిరగదు గదా.

"రన్" అన్నడనుకో. ఒక్క ముక్క. "పరుగెత్తు" అంటే నాలుగు ముక్కలు, ఆ లోపట మొసలి వచ్చి తిని పోతది. మన "ఉరుకు" పెడ్తే మూడు, గబుక్కున పడ్తది. నేను ఓసారి ఓ సార్‌తోని అన్న, సార్ ఉరుకు అంటే కలుస్తది అని. "అది మాండలికమయ్యా" అన్నడు. మాండలికం కాదు సార్, అది మా బతుకు అందామనుకున్న, మధ్యాన్నం బిర్యానీ ఇంకా రాలే కాబట్టి ఊకున్న.

గుంటూరు_కోడలు
@లూప్_రాజు ఉరుకు అని మా వైపు కూడా అంటారండీ, "ఉరుకులు పరుగులు" అని జంటగా. మీరొక్కరే సొంతం చేసేసుకుంటే ఎలా. మా పిల్లాడు ఇక్కడే పుట్టాడు, వాడు నాతో "మమ్మీ ఉరుకుతవా" అంటాడు, వాళ్ళ తాతతో తెనాలిలో "పరిగెడదామా" అంటాడు. వాడికి రెండు ఆడియో ట్రాకులు ఉన్నాయి.

లూప్_రాజు
అక్కా మీ పిలగాన్ని డబ్బింగుకు పంపుండ్రి, ఒక్క పేమెంట్ల రెండు వర్షన్లు 🙏

మొదటాట
రాజన్నా లోపల ఎట్లుంటది, హీరో వస్తే కాఫీ, మనకైతే గెంటుడా?

లూప్_రాజు
గాజులు, గడియారం, చప్పుడయ్యే అంగి అన్నీ బయట ఇడిసి పోవాలె. కొత్తల నేను గంజి పెట్టిన అంగి తొడుక్కొని పోయిన, చెయ్యి లేపినప్పుడల్లా మైకుల కరకర. ఇంకోనాడు పొద్దుగాల తినకుండ పోయిన, ఏడుపు సీన్, అందరు మూతి బిగవట్టి ఉన్నరు, నా కడుపుల గుర్రుమన్నది. లోపలి రూంల ఇంజనీర్ హెడ్‌ఫోన్లు తీసి "ఇది పులి సినిమా కాదు బాబూ" అన్నడు. అప్పటి సంది ఒక అరటిపండు జేబుల.

పైసల ముచ్చట అడగకుండ్రి. గుంపు గొంతుకు ఎంతిస్తరో చెప్తే మా అవ్వ ఇప్పటికీ ఇశ్వాసం చెయ్యది, నేనే తాగి ఖతం చేసిన్ననుకుంటది.

కిరికిరి_కరీంనగర్
అందుకే నేననేది, హీరోలు వచ్చి గీ పని గూడ తీస్కుంటే రాజన్న అసొంటోళ్ళు ఏమైపోవాలె? 2019 అల్లాద్దీన్ల జీనీకి వెంకటేశ్, అల్లాద్దీన్‌కు వరుణ్ తేజ్. అవెంజర్స్‌ల విలన్ థానోస్‌కు రానా. ఓన్లీ డబ్బింగ్ చేసుకొని బతికేటోనికి మిగిలిందేంది?

హన్మకొండ_చౌరస్తా
అది నిజమే కని ఈ సిన్మాల డబ్బింగ్ ఇంటోళ్ళు లేరనుకోకు. తెల్ల సింహం కిరోస్‌కు చెప్పింది అయ్యప్ప పి శర్మ. రవిశంకర్, సాయికుమార్, అయ్యప్ప ముగ్గురు సొంత అన్నదమ్ములు, పి.జె. శర్మ గారి కొడుకులు, ఆయన గూడ డబ్బింగ్ చెప్పినాయనే. అంటే 2019ల ముఫాసా ఎవరో, ఇప్పుడు ముఫాసాను తరుముతున్నది వాళ్ళ ఇంటాయనే. కథ గూడ అన్నదమ్ములదే. గీ లెక్క సూస్కున్నప్పుడు నాకు రోమాలు లేసినయి.

కిరికిరి_కరీంనగర్
అయ్యప్ప శర్మ అని ఎరుక లేదు నాకు. సరే, ఆ ఒక్క పాయింట్ నీకు ఇచ్చిన.

బొగ్గుబాయి_బిడ్డ
సెకండ్ షిఫ్ట్ దిగి ఇప్పుడే చూస్తున్న. గోదావరిఖని. మీ లొల్లి నడుమ నా మాట. మేము సిన్మాను ఇని పెరిగినోళ్ళం. ఆదివారం రేడియోల సంక్షిప్త శబ్దచిత్రం వస్తే మా వాడకట్టంతా ఒక్క రేడియో చుట్టు. మొఖం లేదు, రంగు లేదు, ఒక్క గొంతు. గొంతు ఎవరిదో ఎరుకైతే కథ ఖరాబైతదనుడు మా అవ్వ ముంగట అంటే కొడ్తుండె.

ఇంకోటి, గొంతు ఎవరిదైతేంది అతుకుతే చాలు. గాంధీ సిన్మా తెలుగుల బెన్ కింగ్‌స్లీకి చెప్పింది మన ఎస్పీ బాలు. గాంధీ మాట్లాడుతుంటే పాటల బాలు యాదికొచ్చిండా ఎవరికన్న? దశావతారంల కమల్ పది వేషాలేస్తే ఏడింటికి గొంతు బాలుదే, దాంట్ల ముసలవ్వ గూడ ఉన్నది. అన్నమయ్యల సుమన్ వెంకన్న లెక్క మాట్లాడింది గూడ ఆయన గొంతుతోనే.

ఓరుగల్లు_పోరడు
@బొగ్గుబాయి_బిడ్డ బాలు సారు తననే మాయం చేస్కునేటోడు అన్నా. మహేశ్ గొంతు మాయం కాదు, అదే మా ఇష్టం అదే కష్టం. ఆయన గొంతు జల్సాల ఇన్నా గుర్తువడ్తం, బాద్‌షాల ఇన్నా గుర్తువడ్తం, అవి కథ చెప్పే గొంతులు కాబట్టి నడిచింది.

హన్మకొండ_చౌరస్తా
నాకైతే సగం సగం. మెల్లగ మాట్లాడిన కాడ బాగున్నది, తమ్ముని లెక్క కలిసి పెరిగిన తాకాతోని పక్కపక్కన నడుసుకుంట అనే మాటలు, నీళ్ళంటే భయపడేది, ఆడ అరువడు, గొంతు కిందికి దింపి చెప్తడు, మహేశ్ బలమే గది. ఎండింగ్ల జంతువులన్నిటిని కూడగట్టి మాట్లాడేటప్పుడు మాత్రం భరత్ అనే నేను అసెంబ్లీ యాదికొచ్చింది. జిరాఫీలు బల్లలు కొడ్తయేమో అనుకున్న.

మొదటాట
జిరాఫీలు బల్లలు కొడ్తయ్ 🤣🤣 చచ్చిన

ఓరుగల్లు_పోరడు
ఆ స్పీచ్ కాడ నేను ఈల గొట్టిన, అబద్ధం ఎందుకు.

సిరిసిల్ల_సాంచె
ఎవ్వలు అంటలేరు కని సిన్మాల అసలు గొంతు సత్యదేవ్‌ది. తాకా. మొదట్ల పిల్ల మనసు, అన్న దొరికిండన్న సంబురం, ఆనంక కొద్దికొద్దిగ చేదు ఎక్కుతుంటది గొంతుల. మనం గుర్తువట్టకముందే గొంతు మారిపోతది. వాడే రేపు ముఫాసాను చంపే స్కార్ అని ఎరుకైనా పాపమనిపిచ్చింది. 2019ల స్కార్‌కు జగపతిబాబు చెప్పిండు, ఈడికెళ్ళి ఆడికి దారి వేసినట్టున్నది.

కిరికిరి_కరీంనగర్
+1. కోపమొచ్చినా ఒప్పుకోవాలె.

బడిపంతులమ్మ
నేను సుబేదారి దిక్కు బళ్ళో తెలుగు చెప్తాను. ఆరో తరగతిలో ఒక బాబు, నత్తి బాగా ఉంది. హాజరు పిలిస్తే "ప్రెజెంట్" అనలేక చెయ్యి మాత్రం ఎత్తుతాడు. వేమన పద్యం రాగంతో చదవమంటే మాత్రం ఎక్కడా తట్టుకోడు, గలగలా వెళ్ళిపోతుంది. పాటకీ పద్యానికీ నత్తి అంతగా అడ్డం రాదని చాలామంది పిల్లల దగ్గర చూశాను.

మొన్న సెలవులకు ముందు వాడికి ఒక సంగతి చెప్పాను. ఇంగ్లీషులో ముఫాసాకి గొంతిచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్‌కి చిన్నప్పుడు ఇలాగే నత్తి, ఏళ్ళ తరబడి దాదాపు మాట్లాడటమే మానేశాడు. హైస్కూల్లో ఒక మాస్టారు ఆయన చేత కవితలు పైకి చదివించారు. ఆ మనిషే పెద్దయ్యాక ప్రపంచమంతా గుర్తుపట్టే గొంతయ్యాడు, 2024 సెప్టెంబర్లోనే పోయారు, తొంభైమూడేళ్ళు. బాబు అంతా విని ఒకే ప్రశ్న వేశాడు, "టీచర్, ఆయన కూడా చెయ్యి ఎత్తేవాడా?"

ఈ వారం వాళ్ళ నాన్న వాణ్ణి సినిమాకి తీసుకెళ్ళాడట. మహేశ్ ఎలా చెప్పాడో నాకు తెలీదు, నేను ఇంకా చూడలేదు.

లూప్_రాజు
టీచరమ్మా డబ్బింగ్ రూంల గూడ నత్తి ఉన్న ఒకాయనను చూసిన. బయట చాయ్ అడగడానికి రెండు నిమిషాలు పట్టేది, మైకు ముంగటికి వస్తే ఒక్క టేకు. వేరే మనిషి మాట అనుకుంటడు కావచ్చు.

గుంటూరు_కోడలు
టీచర్ గారూ బడి తెరిచాక ఆ బాబు ఏమన్నాడో రాయండి.

బడిపంతులమ్మ
తప్పకుండా.

కిరికిరి_కరీంనగర్
ఓటీటీల వచ్చినంక చూద్దామా థియేటర్కే పోదామా? ఇంట్ల నలుగురం, పాప్‌కార్న్ రేటు టికెట్ రేటు కంటే ఎక్కువున్నది.

మొదటాట
ఇంత లొల్లి చేసింది చూడకుండనా!!!

కిరికిరి_కరీంనగర్
ట్రైలర్ చూసిన.

హన్మకొండ_చౌరస్తా
😐

బడిపంతులమ్మ
జనవరి అయిపోవస్తోంది, మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను. సంక్రాంతి సెలవులయ్యాక బడికి వచ్చాడు. హాజరు పిలిచాను. నాలుగు కాళ్ళ మీద నిలబడ్డట్టు బల్ల మీదకి ఒంగి, గొంతు బాగా కిందికి దింపి "ఉన్నా" అన్నాడు. ప్రెజెంట్ కాదు, "ఉన్నా". పిల్లలంతా నవ్వారు, వాడూ నవ్వాడు. నేను టిక్కు పెట్టి తర్వాతి పేరు పిలిచాను.

లూప్_రాజు
రెండే ముక్కలు, చూసిండ్రా. ప పలికే పనే లేదు. పోరడు పెదవులకు కలిసేటట్టు మాటలు రాసే లిప్ రైటర్ అయితడు.

ఓరుగల్లు_పోరడు
పాత థ్రెడ్ లేపుతున్న, 2025 ఏప్రిల్ల. మార్చి 26 సంది ముఫాసా ఓటీటీల ఉన్నది, తెలుగు గూడ ఉన్నది, @కిరికిరి_కరీంనగర్ ఇగనన్న చూడు. మా బిడ్డ ఇప్పటికి ఆరుసార్లు చూసింది. మహేశ్ గొంతు అలవాటైంది దానికి. నిన్న 2019ది పెట్టిన, "గీ ముఫాసాకు సర్ది చేసిందా" అన్నది. ఇగ నేనేం చెప్పాలె.

అసలు ముచ్చట మా బాపుది. పోయిన వారం కన్ను ఆపరేషన్ అయింది, శుక్లాలు. నల్లద్దాలు పెట్టి టీవీ దిక్కు చూడొద్దన్నరు, మంచంల పండుకొని ఊకె చెవులు రిక్కిచ్చి ఉంటడు. బిడ్డ ముఫాసా పెట్టింది. బాపు గోడ దిక్కు తిరిగి మొత్తం ఇన్నడు. డిసెంబర్ల థియేటర్ల చూసిన సిన్మా అని ఎరుక లేదు, అప్పుడు గురక గదా. సింహాలని గూడ ఎవ్వలం చెప్పలే.

ఓ అర్ధగంటకు "గీ హీరో కృష్ణ కొడుకు గాదురా" అన్నడు. బాపు కృష్ణ మనిషి, అల్లూరి సీతారామరాజుకు బండి కట్టుకొని పోయినోడు. అవును బాపు అన్న. "తండ్రి అంత గట్టిగ మాట్లాడడు కని పెద్దమనిషి లెక్క మాట్లాడుతండు" అన్నడు. జరసేపటికి పుంబా వచ్చిండు, ఒక్కడే నవ్వుకున్నడు. ఇంకో జరసేపటికి లేసి కూసొని "ఇంతకు వీళ్ళది ఏ ఊరు?" అన్నడు. మా బిడ్డ కిందపడి దొర్లింది.

నేను చెప్పేలోపు మళ్ళ ఆయనే అన్నడు. "ఆ చిన్నోడున్నడు సూడు, వాని మాట తీరు బాగలేదు. ఇందాక అన్నా అన్నప్పుడు ఉన్న గొంతు ఇప్పుడు లేదు. జాగ పంచుకునే కాడ వాడు మోసం చేస్తడు, రాసిపెట్టుకో." అప్పటికి తాకా ఇంకా ఏం చెయ్యనే లేదు.

సిరిసిల్ల_సాంచె
నేను డిసెంబర్లనే చెప్పిన, సత్యదేవ్ అని.

కిరికిరి_కరీంనగర్
బాపుకు ఒక ఐడీ తీసి ఈ థ్రెడ్‌ల చేర్చురా అన్నా. నేను ఇయ్యాల రాత్రి చూస్త.